దీవెన టీచర్ కొంగ నడక

చిన్నపిల్లలకి ఫిడేలు నేర్పడానికి తెలుగులో సరైన పుస్తకం లేదని దీవెన టీచర్ ఏళ్ల తరబడి అందరితోనూ అంటూ వచ్చింది. అనీ అనీ చివరికి తనే ఒకటి రాసింది. రాశాక తెలిసిందేమిటంటే, కొరత పుస్తకానికి కాదు, దాన్ని చదివే పిల్లలకి.

పుస్తకం పేరు 'వాయులీన బాల ప్రవేశిక'. ఆ పేరు తట్టిన రోజు ఆవిడకి ఒళ్లు పులకరించింది. మొదటి ప్రతి అందుకున్న వైష్ణవి అట్ట మీద పేరు కూడబలుక్కుని చదివి, "వాయులీనం అంటే ఏంటండీ టీచర్?" అని అడిగింది.

"నీ చేతిలో ఉన్నదే."

"ఇది ఫిడేలు కదండీ?"

అక్కడితో సగం గాలి పోయింది. మిగతా సగం ముందుమాట తీసేసింది. నాదం ఎక్కడ పుడుతుంది, తీగ ఎందుకు కంపిస్తుంది అంటూ ఎలుక మీద ఏనుగు అంబారీ కట్టినట్టు రాసుకుపోయింది. అసలు పాఠాలు ఆ ముందుమాట వెనకాల ఎక్కడో నక్కి ఉన్నాయి. వైష్ణవి వాళ్లింట్లో ఆ పుస్తకాన్ని టేబుల్ ఫ్యాను కింద ఎత్తుకి పెట్టారు. ఇంకో పిల్ల తల్లి మాత్రం, "చాలా బాగుందండీ. మా అత్తగారు నిద్ర పట్టకపోతే అదే చదువుకుంటున్నారు" అంది. దీవెన పొంగిపోయి థాంక్స్ కూడా చెప్పింది. ఇంటికొచ్చి కుక్కరు పెడుతుంటే గానీ ఆ మాట అర్థం బుర్రకెక్కలేదు.

దీవెనది పెంటపాడు. తండ్రి వరదానం గారు మిషన్ బళ్లో మేష్టారు, ఆదివారాలు చర్చిలో ఫిడేలు వాయించేవారు. ఆయన దగ్గర నిలబడి, గడ్డం కింద ఫిడేలు పెట్టుకుని కీర్తనలు నేర్చుకుంది. తరవాత విజయవాడ వెళ్లి డిప్లొమా చేస్తూ, చాప మీద కూర్చుని సరళి స్వరాలు నేర్చుకుంది. "అందుకే నాకు నిలబడితే కూర్చోవాలనీ, కూర్చుంటే లేవాలనీ ఉంటుంది" అని తన మీద తనే నవ్వుకునేది. డిప్లొమా అయిన కొత్తలో ఏలూరులో ఒక సభలో కచేరీ ఇచ్చింది. మధ్యలో దారి తప్పి, ఎంత వెతికినా ముందుకెళ్లే తోవ దొరక్క, ఎత్తుకున్న చోటికే మళ్లీ మళ్లీ తిరిగొచ్చింది. ముందు వరసలో ఎవరో, "గానుగ బాగానే ఆడుతోంది, నూనే రావట్లేదు" అన్నారు. ఆ తరవాత ఆవిడ వేదిక ఎక్కలేదు. తన వాయిద్యం తను వినడం కూడా మానేసింది. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు బళ్లో మ్యూజిక్ టీచరు, సాయంత్రాలు ఇంటి దగ్గర ట్యూషన్లు. భర్త ఏసుకుమార్‌కి రైస్ మిల్లులో ఉద్యోగం. పొద్దస్తమానం మిల్లు మోత విని ఇంటికొచ్చిన మనిషికి ఏ పిల్ల ఏం వాయించినా అమృతంలాగే ఉండేది. దాన్ని కూడా దీవెన చాలాకాలం మెప్పు కిందే లెక్కేసుకుంది.

పుస్తకం పని అలా తేలాక, పిల్లలు చదవరు గానీ వింటారు కదా అనుకుంది. పాఠాల్ని తను వాయించి, ఫోనులో రికార్డు చేసి, వాళ్ల తల్లుల వాట్సాప్ గ్రూపులో పెడితే, ఇంట్లో అది విని దానితో కలిపి వాయించుకుంటారు. పాఠాలకి పేర్లు కూడా ఈసారి నేల మీదవే పెట్టింది. మొదటి పాఠం 'కొంగ నడక'. కొల్లేటి నీళ్లలో కొంగ అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంది. మధ్యలో ఒంటికాలి మీద ఆగుతుంది. చేప కనబడగానే మళ్లీ కదులుతుంది. ఆ ఆగే చోట తీగల మీంచి కమాను ఎత్తేసి కాసేపు ఊరుకోవాలి. ఈ ఊరుకోవడం అనేదాన్ని ఇంతవరకూ ఒక్క పిల్లకీ ఆవిడ నేర్పలేకపోయింది. "ఆగండర్రా, ఆగండి" అంటున్నా అందరూ రైలందుకునే వాళ్లలా రెండో సగంలోకి దూకేసేవారు.

వర్షాకాలం, మధ్యాహ్నం, వీధి సద్దుమణిగిన వేళ రికార్డింగుకి కూర్చుంది. తల్లి పాపమ్మ ఇంట్లో ఉంటే మాట్లాడకుండా ఉండదని ఆవిణ్ని పక్కింటికి పంపింది. తలుపులు వేసింది. ఫ్యాను చప్పుడు ఫోనులోకి వస్తోందని ఫ్యాను కట్టేసింది. ఫ్యాను ఆగిందో లేదో, దోమలు సభకి పిలిచినట్టు వచ్చాయి. ఎన్నోసార్లు మొదలుపెట్టింది, అన్నిసార్లూ ఏదో ఒకటి తప్పింది. చివరికి ఒక్కసారి చక్కగా కుదిరిందనిపించింది. దాన్నే గ్రూపులో పెట్టాననుకుంది. వినలేదు. వినడం గిట్టదు కదా.

నాలుగు రోజులకి పిల్లలు వాకిట్లో పాఠం వాయిస్తుంటే వంటింట్లోంచి కుక్కరు కూతల మధ్య విని, బాగానే పట్టుబడుతోంది కదా, ఇన్నాళ్లూ నాకు రావలసిన పేరు రాలేదంతే అనుకుంది. ఆ ధీమాతో సభ దాకా దగ్గర కూర్చుని చూడనేలేదు.

ఏలూరులో ఒక కళాసమితి ఏటా పిల్లల సంగీత సభ పెడుతుంది. దాని అధ్యక్షులు నాగభూషణరావు గారు పప్పుల హోల్‌సేల్ వ్యాపారి, వైష్ణవికి తాతగారు. పాటంటే చెవి కోసుకునే మనిషి. ఆయన మాట మీద దీవెన పిల్లలకి ఆ ఏడు అవకాశం వచ్చింది. పిల్లలందరూ తెల్లబట్టల్లో వేదిక మీద వరసగా నిలబడ్డారు. దీవెన ఓ పక్కగా తెర చాటున నిలబడి, అంతకంటే చాటు ఉంటే బాగుండునని చూస్తోంది.

'కొంగ నడక' మొదలైంది. కమానులన్నీ ఒక్కసారి కిందికి, ఒక్కసారి పైకి. అడుగు, అడుగు, అడుగు. దీవెన గుండె నిండింది. మధ్యకొచ్చేసరికి కమానులన్నీ కలిసి లేచాయి. ఆగారు! ఒక్క పిల్ల కూడా ముందుకి దూకలేదు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, పిల్లలందరూ గడ్డం కింద ఫిడేలు బిగబట్టి, ఎడమ చెయ్యి వదిలేసి, కుడి చెంప మీద ఫట్ మని కొట్టుకున్నారు. చివర నిలబడ్డ ఏంజెల్ అనే పిల్ల మైకు దగ్గరగా, స్పష్టంగా, "చచ్చింది" అంది. అందరూ మళ్లీ కమానులు దించి రెండో సగం ఎత్తుకున్నారు.

హాల్లో ఎక్కడో నవ్వు, ఆ వెనకాలే చప్పట్లు. దీవెన తెర అంచు లాక్కుని మొహం దాచుకుంది. ఆ స్థితిలోనూ బుర్రలో ఒక మూల ఉన్న టీచరు, 'చెయ్యి ఆనకుండా గడ్డంతోనే ఫిడేలు పట్టుకున్నారే! ఎన్నాళ్ల నుంచి చెబుతున్నానూ' అని మురిసింది. ఆ టీచర్ని అక్కడే గొంతు పిసికెయ్యాలనిపించింది ఆవిడకి.

నాగభూషణరావు గారు వేదిక దిగి నేరుగా తెర దగ్గరికొచ్చారు.

"అమ్మా, చాలా బాగుందండీ. ఆ మధ్యలో చెంప మీద తాళం వేశారు చూడండి, అదేం సంప్రదాయమండీ? నేనెక్కడా చూళ్లేదు."

నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో దీవెన నోట్లోంచి వేరే మాట వచ్చింది. "కొల్లేటి బాణీ అండీ."

"ఆహా! మరి ఆ చివరి పాప ఏదో అంది?"

"అది... స్వరమండీ. మధ్యలో పలుకుతారు."

ఆయన తల పంకిస్తూ వెళ్లి మైకు అందుకుని, మరుగున పడిపోయిన కొల్లేటి బాణీని పిల్లలకి నేర్పుతున్న శ్రీమతి దీవెన గారిని అభినందించారు. వచ్చే నెల సమితిలో ఆ బాణీ గురించి ఆవిడ ప్రసంగిస్తారని కూడా అక్కడికక్కడే ప్రకటించేశారు.

తిరుగు బస్సు దెందులూరు దాటాక దీవెన వెనక్కి తిరిగి వైష్ణవిని అడిగింది. "చెంప మీద కొట్టుకోమని ఎవరు చెప్పారే మీకు?"

"మీరేనండీ టీచర్. పాటలో ఉంది కదా."

వైష్ణవి తల్లి ఫోనులో ఆ ముక్క వినిపించింది. కొంగ అడుగులు, కమాను లేచిన చప్పుడు, సన్నగా జుయ్‌మన్న రొద, ఫట్, ఆ తరవాత దీవెన గొంతు పరమ తృప్తితో, "చచ్చింది". మిగతాది వినే ధైర్యం లేక, "చాలు, చాలు, కట్టెయ్యమ్మా" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. బయట చేపల చెరువులు తప్ప ఏమీ లేవు. వాటిలో దూకడానికి బస్సు ఆగదు.

ఆ వారమే కొత్త రికార్డింగు చేసింది. దోమతెర కట్టుకుని, అందులో చెమటలు కక్కుతూ, ఎక్కడా ఈగ వాలిన చప్పుడు కూడా లేకుండా వాయించింది. పాతది తీసేసి ఇదే వాయించండని గ్రూపులో పెట్టింది. పిల్లలు బుద్ధిమంతులు. అదే విన్నారు. మళ్లీ ట్యూషన్‌కి వచ్చేసరికి 'కొంగ నడక' కాస్తా కొంగల మందని కుక్క తరిమినట్టు తయారైంది. మధ్యలో ఎవరూ ఆగరు. ఒకరు రెండో సగంలో ఉంటే ఇంకొకరు మొదటి సగం చివర కొట్టుకుంటున్నారు. గడ్డాలు వదిలేశారు, ఫిడేళ్లు మళ్లీ అరచేతుల్లోకి జారాయి. ఏంజెల్ ఒక్కతే చక్కగా ఆగింది, కొట్టుకుంది, చచ్చిందంది, సాగిపోయింది.

"నీకు కొత్తది రాలేదా అమ్మా?"

"మా ఊళ్లో వారం నుంచి సిగ్నల్ లేదండీ టీచర్. ఎక్కలేదు."

ఏంజెల్ వాళ్లది కొల్లేటి వైపు ఊరు. తండ్రి రాజ్ కుమార్ చేపల చెరువు చూసుకుంటాడు, ట్యూషన్ రోజు మోటారుసైకిలు మీద తీసుకొస్తాడు. తనే వెళ్లి ఆ ఫోనులో కొత్త పాఠం ఎక్కించి వద్దామని దీవెన ఆదివారం చర్చి అయ్యాక బయల్దేరింది. భీమడోలులో బస్సు దిగితే రాజ్ కుమార్ బండి మీద ఎక్కించుకున్నాడు. గట్టు రోడ్డుకి రెండు వైపులా చెరువులు, చేపలకి గాలందేలా నీళ్ల మీద తిరిగే చక్రాల మోత. ఆ గట్టు మీద ఇల్లు. వెళ్లేసరికి ఏంజెల్ వాకిట్లో నిలబడి సాధన చేస్తోంది. ఫోను, పాటలు పెట్టుకునే చిన్న స్పీకరు, గోడకి కొట్టిన మేకుకి సంచిలో వేలాడుతున్నాయి. నాయనమ్మ సూరమ్మ గట్టు మీద వల బాగుచేసుకుంటోంది.

"ఆపకమ్మా, కానివ్వు" అని దీవెన గుమ్మం పక్కన నిలబడింది.

స్పీకర్లోంచి తన ఫిడేలే వినబడుతోంది. రెండు అడుగులు నడిచి కొంగ తడబడింది. వెంటనే తన గొంతు, విసుగ్గా, పళ్లు నూరుతూ: "నీ మొహం మండా దీవెనా! మళ్లీ మొదలెట్టు."

ఏంజెల్ కూడా ఆగింది. కమానెత్తి, నవ్వు మొహంతో, పాఠం అప్పజెప్పినట్టు, "నీ మొహం మండా దీవెనా! మళ్లీ మొదలెట్టు" అని, మళ్లీ మొదలెట్టింది.

దీవెన తెల్లబోయింది. ఇంకో నాలుగు అడుగులకి మళ్లీ తడబాటు. మళ్లీ ఆ శాపనార్థం. మళ్లీ ఆ పిల్ల వంత. అప్పుడర్థమైంది దీవెనకి. చివరికి కుదిరిన ఒక్క ముక్కే పంపాననుకుంది గానీ, ఆ మధ్యాహ్నం ఫోను ఆపడమే మర్చిపోయింది. తప్పులూ తిట్లూ దోమలూ అన్నీ కలిసి ఒకే పాఠంగా వెళ్లాయి. పుస్తకానికి ముందుమాట పొడుగైందని ఏడిస్తే, దీనికి వచ్చిన ముందుమాట ఇది.

సూరమ్మ వల వదిలేసి పరిగెత్తుకొచ్చింది. "తప్పుగా అనుకోకండి టీచరు గారూ. పెద్దోళ్లని పేరు పెట్టి అలా అనకూడదే అని లెంపలేసి మరీ చెప్పానండీ. పాఠంలో ఉంది నాయనమ్మా అంటదండీ. పాఠంలో ఉందంటే నేనేం చేసేదండీ?"

"పాఠంలో ఉందండీ నిజంగానే" అంది దీవెన.

ఏంజెల్‌కి ఇదేం పట్టలేదు. స్పీకర్లో పాట ముందుకెళ్లిపోయినా తను ఇంకోచోట తప్పింది. ఈసారి స్పీకరు తిట్టలేదు. ఆ పిల్లే తిట్టుకుంది, "నీ మొహం మండా దీవెనా" అని, ఏడుపు లేదు, భయం లేదు, చెప్పులో రాయి దులిపేసినట్టు దులిపేసి మళ్లీ ఎత్తుకుంది. దీవెన చూస్తూ ఉండిపోయింది. అదే మాట తన నోట ఇన్నేళ్లు నలిగింది. తను తిట్టుకున్నాక మళ్లీ మొదలెట్టింది మాత్రం తలుపులు వేసుకున్న గదిలోనే. గానుగ మాట పడి ఏలూరు వేదిక దిగొచ్చిన ఆ రోజున మాటలో మొదటి సగమే అనుకుంది, రెండో సగం మర్చిపోయింది.

సాధన అయ్యాక ఏంజెల్ అడిగింది. "మీరు మాతో కలిసి ఎందుకు వాయించరండీ టీచర్, సభలో?"

"తప్పు పోతుందని భయమే."

"పోతే అనేసుకోవాలి కదండీ" అంది ఆ పిల్ల, ఈ మాత్రం తెలీదా అన్నట్టు.

సూరమ్మ రొయ్యలిగురుతో అన్నం పెట్టింది. దీవెన తిని, కొత్త పాఠం ఎక్కించకుండానే తిరిగొచ్చింది. రాజ్ కుమార్ బస్సు దగ్గర గుర్తు చేస్తే, "ఫోనులో చోటు లేదులెండి" అని ఇంకో అబద్ధం ఆడింది. ఇలా ఆడటం అలవాటైపోతోందని బస్సులో కూర్చున్నాక భయమేసింది.

అందుకే మర్నాడు బడి నుంచి నేరుగా ఏలూరు వెళ్లి, నాగభూషణరావు గారి కొట్లో కందిపప్పు బస్తాల మధ్య కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. బాణీ లేదు, సంప్రదాయం లేదు, దోమ. ఆయన గుప్పెడు కందిపప్పు తీసి, మళ్లీ బస్తాలోకే వదిలేశారు.

"నేను చాలా చోట్ల చెప్పేశానండీ అమ్మా" అన్నారు చివరికి, బాధగా. "మా వియ్యంకుడికి కూడా చెప్పాను."

"క్షమించండి బాబుగారూ. ప్రసంగం రద్దు చేసెయ్యండి."

"రద్దెందుకండీ? కార్డులు పంచేశాం. ఈ చెప్పిందే అక్కడ చెప్పండి. వియ్యంకుడు కూడా వస్తాడు, నేను వేరే చెప్పక్కర్లేదు." అని ఆయన లోపలికి కేకేసి ఆవిడకి కాఫీ తెప్పించారు.

ప్రసంగం రోజున దీవెన కాగితం మీద రాసుకొచ్చినదేదీ చదవలేదు. దోమ సంగతి చెప్పింది. జనం నవ్వారు. నవ్వగా నవ్వగా ధైర్యం వచ్చి, ఫిడేలు తీసి, వెంట తెచ్చిన పిల్లల మధ్య నిలబడింది. అప్పటికి ఏంజెల్‌ని చూసి పిల్లలు పాత పద్ధతికే వచ్చేశారు. కొంగ నడక మొదలైంది. పాఠం మూడో వరసలో, పిల్లలెవరూ తప్పని చోట, టీచరు వేలు జారింది. పెదవులు వాటంతటవే కదిలాయి. మైకు ఎదురుగా ఉంది. "నీ మొహం మండా దీవెనా" అన్న మాట హాలు చివరి కుర్చీ దాకా వెళ్లింది.

పిల్లలు ఒక్కరు కూడా తొణకలేదు. పాఠంలో ఉన్నట్టే అందరూ కమానులెత్తి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. వాళ్లతో పాటు టీచరూ ఎత్తుకుంది. ఈసారి చివరి దాకా వెళ్లింది. మధ్యలో చెంప మీద కొట్టుకునేటప్పుడు ముందు వరసలో నాగభూషణరావు గారు కూడా కొట్టుకున్నారు. తాళం కోసమో, కుట్టిందో ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆ తరవాత పుస్తకం మళ్లీ వేసింది. ఈసారి ముందుమాట లేదు. పేరు 'ఫిడేలు నేర్చుకుందాం'. కొంగ ఆగే చోట ఒక చిన్న దోమ బొమ్మ. తిట్టు మాత్రం అచ్చు వెయ్యడానికి మనసొప్పలేదు. అయినా దాన్ని అచ్చేసి నేర్పాల్సిన అవసరం లేకుండా తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి దాకా పాకిపోయింది. బళ్లో లెక్కలు తప్పినా పిల్లలు దీవెన మొహమే మండిస్తున్నారని లెక్కల మేష్టారు ప్రసాదరావు గారు ఎంతో మర్యాదగా ఫిర్యాదు చేశారు.

ఇప్పుడు రెండో భాగం పాఠాలు రికార్డు చేస్తోంది. ఈసారి కిటికీలు తీసి, ఫ్యాను వేసుకుని. అందులో ఒక పాఠం, ఒక మనిషి ఏదో పలకరిస్తే ఫిడేలు జవాబు చెప్పడం. ఆ పలకరింపుకి ఎవరి గొంతు కావాలా అని ఆలోచించి, తల్లినే అడిగింది.

పాపమ్మ తల దువ్వుకుని, పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుని వచ్చింది. ఇది వినడానికే గానీ చూడ్డానికి కాదమ్మా అంటే, "అయినా నలుగురిలోకి వెళ్లేది కదా" అంది. కుర్చీలో నిటారుగా కూర్చుంది. దీవెన ఫోను ఆవిడ ముందు పెట్టి, నొక్కి, సైగ చేసింది.

పుట్టి బుద్ధెరిగి ఆ ఇంట్లో నోరు మూసుకుని ఉండని పాపమ్మ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఫోను వంక చూసింది, కూతురి వంక చూసింది, కొంగు సర్దుకుంది.

"ఏదో ఒకటి మాట్లాడమ్మా."

"ఏం మాట్లాడనే? ఎవరున్నారు అందులో?"

"పిల్లలు. అందరి ఇళ్లలోనూ వింటారు."

పాపమ్మ కాస్త ముందుకి వంగింది. గొంతు సవరించుకుంది. గుమ్మంలోకి చుట్టాలొస్తే పలకరించినట్టు, మెల్లగా, "బాగున్నారాండీ?" అంది.

దీవెన కమాను తీగ మీద ఆన్చింది.